తొమ్మిదంగుళాల క్విక్ రిలీజ్ కార్పెంటర్ వైసు: కొనాలా, లెగ్ వైసు కట్టుకోవాలా?

పనిముక్క కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టేది వైసు. హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఉత్తినే "వైసు కావాలి" అంటే చేతికొచ్చేది ఫిట్టర్ల వైసు. దాని దవడలకు గళ్ళు కోసి ఉంటాయి, ఇనుప ముక్క జారకుండా. టేకు ముక్కను అందులో బిగించి చూడండి, గళ్ళన్నీ చెక్క మీద అచ్చుగా పడతాయి. చెక్కపనికి అడగాల్సింది కార్పెంటర్ వైసు. అందులోనూ మీట నొక్కితే దవడ జారిపోయే రకం కావాలంటే క్విక్ రిలీజ్ అని విడిగా చెప్పాలి. లేకపోతే మామూలు మర వైసు కట్టి ఇస్తారు, ఇంటికొచ్చి విప్పాకగానీ తెలియదు. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట రెండు రకాలూ చేత్తో పట్టుకుని చూడొచ్చు. చిన్న ఊళ్ళలో ఆర్డరిచ్చి తెప్పించుకోవాల్సిందే.

మన వడ్రంగం నేలమీద కూర్చుని సాగిన పని. కాలి మడమ, బొటనవేలు, కింద ఒక దిమ్మ, అవే వైసు. బెజ్జం తొలవడానికి, అందులో దూరే కూసం చెక్కడానికి అంతకంటే అక్కర్లేదు కూడా. అందుకే వైసు విషయంలో సలహా అడిగితే, ఐటీఐ వర్కుషాపులో నేర్చుకున్నవాళ్ళు తప్ప నమ్మకంగా చెప్పేవాళ్ళు తక్కువ. నిలబడి, ఇనుప చిత్రికను రెండు చేతులా తోసే బెంచి పెట్టుకున్నప్పుడు మాత్రం వైసు లేకపోతే పని ముందుకు సాగదు. కొనే ఇనుప వైసు ఒక దారి; బెంచి కాలినే వెనక దవడగా చేసుకుని చెక్కతో కట్టుకునే లెగ్ వైసు ఇంకో దారి, దాని సంగతి తర్వాత.

ఇక్కడ చూస్తున్నది మన దేశంలో పోతపోసే 9 అంగుళాల క్విక్ రిలీజ్ రకం. ఎవరి పేరుతో అమ్మినా నమూనా ఒకటే: ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన రికార్డు 52½. ఆ కంపెనీ 52 నంబరుకు 7 అంగుళాల దవడ, 8 అంగుళాల తెరుపు. 52½కు 9 అంగుళాల దవడ, 13 అంగుళాల తెరుపు. 53కు పదిన్నర అంగుళాల దవడ, 15 అంగుళాల తెరుపు. ఇంగ్లండులో ఉండే మనవాళ్ళు కొత్తది కొనే ముందు పాత సామాన్ల అంగళ్ళు ఒకసారి తిరిగితే మంచిది. తుప్పు వదిలించి, మర శుభ్రం చేసుకుంటే పాత రికార్డు వైసు ఇంకో తరానికి పనికొస్తుంది.

పనితీరు సులువే. మధ్యలో మర, రెండు పక్కలా దవడను తిన్నగా నడిపే ఉక్కు గైడు రాడ్లు. మరను పట్టుకునేది పూర్తి నట్టు కాదు, సగం నట్టు. స్ప్రింగు దాన్ని మరకు అదిమి ఉంచుతుంది. ముందున్న మీట నొక్కితే సగం నట్టు పక్కకు తప్పుకుంటుంది, దవడ చేత్తో జారుతుంది. మీట వదిలి, పిడిని పావు చుట్టో అర చుట్టో తిప్పితే బిగుసుకుంటుంది. నాలుగంగుళాల దిమ్మ తీసి ముప్పావు అంగుళం పలక పెట్టాలంటే మామూలు మర వైసులో చేయి నొప్పి పుట్టేదాకా తిప్పాలి. అదనపు డబ్బు ఈ ఒక్క సుఖానికే. రోజూ పనిచేసేవాళ్ళకు ఆ డబ్బు దండగ కాదు.

షాపులో చూడాల్సినవి. ముందు బరువు అడగండి. ఒకే కొలతలో రెండు వైసులుంటే బరువైనదే తీసుకోండి. పోతలో ఇనుము తగ్గించడమే ధర తగ్గించే దారి. తర్వాత చిన్న సుత్తితో పోతను మెల్లగా తట్టండి. గణగణమంటే సరే, పగిలిన కుండలా మూగగా పలికితే లోపల పగులుందని అనుమానించాలి. రంగు మందంగా ఉన్నచోట గోటితో గీరండి, పోతలో పడిన గుల్లలను పుట్టీతో పూడ్చడం మామూలే. పక్కల్లో చిన్న గుల్ల ఉంటే నష్టం లేదు. గైడు రాడ్లు దూరే రంధ్రాల దగ్గరా, వైసును బెంచికి బిగించే బోల్టు చెవుల దగ్గరా ఉంటే వద్దని చెప్పేయండి.

దవడలు దగ్గరికి తెచ్చి, మధ్యలో కాగితం పెట్టి మెల్లగా బిగించండి. పైన కాగితం పట్టుకోవాలి, కింద ఊడి రావాలి. ముందు దవడను కావాలనే పైకొసన ఒక మిల్లీమీటరో కొంచెం ఎక్కువో లోపలికి వంచి పోస్తారు. గట్టిగా బిగిస్తే రాడ్లు కాస్త వంగి దవడలు సమంగా కూర్చుంటాయి. ఇది తెలియక "దవడ వంకర" అని మంచి వైసును తిప్పి పంపేవాళ్ళున్నారు. అసలు లోపం దానికి తలకిందులు: కింద తగిలి పైన సందు కనిపించడం. ఎడమ, కుడి వైపుల మధ్య తేడా ఉన్నా లోపమే. చివరగా మీట నొక్కి దవడను నాలుగైదుసార్లు జరిపి, ఒక్కో చోట ఆపి బిగించండి. ఎక్కడైనా మర టకటకమని జారితే ఆ పెట్టె పక్కన పెట్టి ఇంకోటి విప్పించండి.

ఇంత చూసి కొన్నా మీ చేతిలో ఉన్నది సగం వైసే. మిగతా సగం బిగింపులో ఉంది. ఈ వైసుల మీద వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

మొదటి నియమం: ఇనుప దవడ కొస బెంచి పైభాగానికి కనీసం 12 మి.మీ. కిందుండాలి. లేకపోతే ఏదో ఒకరోజు చిత్రిక బ్లేడు ఇనుముకు తగులుతుంది. ఇందుకోసం వైసుకూ బెంచి అడుగుకూ మధ్య ప్యాకింగు చెక్క పడుతుంది. లెక్క ఇలా: బోల్టు చెవుల పైముఖం నుంచి దవడ కొస దాకా కొలవండి. అది 75 మి.మీ. వచ్చిందనుకుంటే, దానికి 12 కలిపితే 87. బెంచి మందం 60 అయితే ప్యాకింగు 27 మి.మీ. రెండు ప్లైవుడ్ షీట్లు అతికించిన 38 మి.మీ. బెంచి అయితే 49. బెంచి 90 మందముంటే ప్యాకింగు వద్దు సరికదా, అడుగున 3 మి.మీ. గుంత తీయాలి. ప్యాకింగు ఒకటే గట్టి ముక్కగా ఉండాలి. పలచని ప్లై ముక్కలు పేర్చి బోల్టు బిగిస్తే అవి అణిగి, ఆరు నెలల్లో వైసు ముందుకు వాలుతుంది.

రెండోది: వెనక దవడ బెంచి అంచుకు బయట పొడుచుకుని ఉండకూడదు. అంచులో గూడు తొలిచి దవడను అందులో కూర్చోబెట్టి, పైన చెక్క కప్పి, ఆ చెక్క ముఖాన్ని బెంచి అంచుతో సమం చేయాలి. అప్పుడు ఆరడుగుల తలుపు పట్టీ నిడివి అంతా బెంచి అంచుకు ఆనుకుంటుంది. రెండో కొసకు బెంచి కుడికాలిలో ఒక మేకు గుచ్చి ఆసరా ఇస్తే చాలు. చాలామంది గూడు తొలవడానికి బద్ధకించి దవడను అంచుకు బయటే వదిలేస్తారు. పొడవాటి పలక తొమ్మిదంగుళాల మేర మాత్రమే పట్టు దొరికి, రెండో కొస గాల్లో ఊగుతుంది. తప్పు వైసుది కాదు.

బోల్టులు 10 మి.మీ.వి. చేవ ఉన్న గట్టి చెక్క బెంచి అయితే కింది నుంచి కోచ్ స్క్రూలు (స్పానరుతో తిప్పే పెద్ద చెక్క స్క్రూలు) సరిపోతాయి, ముందుగా 7 మి.మీ. బెజ్జం వేసి, మరకు కొవ్వొత్తి మైనం రుద్ది ఎక్కించాలి. ప్లైవుడ్‌కు స్క్రూలు వద్దు. పై నుంచి కిందికి నిండా దూరే బోల్టు, అడుగున వెడల్పు వాషరు, నట్టు. పైన తల మునిగేలా గుంత తీసి చెక్క బిరడా కొట్టాలి. స్థానం కుడిచేతివాటం వాళ్ళకు బెంచి ఎడమ కొసన, కాలికి దగ్గరగా. బెంచి ముందు పట్టీ గైడు రాడ్లకు అడ్డొస్తుందేమో ముందే చూసుకోండి. పదిహేను కిలోల పైన బరువుండే ఇనుమును బెంచి కింద ఒక్కరే ఎత్తిపట్టి బోల్టు వేయడం కుదిరే పని కాదు. బెంచిని తలకిందులు చేసి బిగించండి, లేదా కింద జాకీ పెట్టండి.

చెక్క దవడలకు నల్లమద్ది గానీ తుమ్మ చేవ గానీ బాగుంటుంది. టేకు ముక్క మిగిలి ఉంటే అదీ ఫరవాలేదు. మందం 20 నుంచి 25 మి.మీ., ఇనుప దవడకు రెండు పక్కలా ఒక్కో అంగుళం ఎక్కువ, పైన బెంచితో సమం. ముందు దవడకు వంపు లేని వైసు అంటగట్టారనుకోండి, చెక్క దవడను అడుగున ఒక మిల్లీమీటరు పలచగా చిత్రిక పట్టండి, అదే పని చేస్తుంది. లోపలి ముఖానికి రెండు మిల్లీమీటర్ల తోలు, గరుకువైపు బయటికి ఉండేలా అతికిస్తే సగం బలంతోనే ముక్క కదలదు. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర దొరికే తోలు ముక్క చాలు. రెగ్జిన్ మాత్రం వద్దు, జారుతుంది.

వాడకంలో వచ్చే గొడవల్లో పెద్దది దవడ పక్కకు తిరగడం. మధ్యలో మర ఉంది కాబట్టి నిలువు పలకను ఒక పక్కనే పెట్టాలి. బిగించగానే ఖాళీగా ఉన్న పక్క దవడ లోపలికి ముడుచుకుంటుంది, పలక వదులవుతుంది. ఇంకా బలంగా తిప్పితే రాడ్లు వంగుతాయి. రెండో పక్కన అంతే మందం ముక్క పెట్టడమే మందు. 3, 6, 12 మి.మీ. ప్లై పట్టీలు కొన్ని ఒకే బోల్టుకు విసనకర్రలా గుచ్చి వైసు పక్కన వేలాడదీసుకోండి. కావలసిన మందానికి విప్పి దూర్చడమే.

మర జారడం రెండో గొడవ. సగం నట్టులో రంపపు పొట్టు కూరుకుపోతే పళ్ళు పూర్తిగా కూర్చోవు, బిగించేవేళకు టక్కున వదిలేస్తాయి. వైరు బ్రష్‌తో మరను తోమి, గ్రీజుకు బదులు మైనం రుద్దండి. గ్రీజు రాస్తే పొట్టు అంటుకుని వారంలో పిండిముద్ద అవుతుంది. శుభ్రం చేశాకా జారితే స్ప్రింగు మెత్తబడిందని అర్థం, మార్చడం పది నిమిషాల పని. ఇక పిడికి పైపు తొడిగి తిప్పడం, వైసులో బిగించి ఉలితో బెజ్జాలు కొట్టడం ఈ రెండూ మానుకోవాలి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. బెజ్జం పని బెంచి కాలి మీదుగా, చెక్కను బల్లమీదే అదిమిపట్టి చేయాలి.

తొమ్మిదంగుళాల రకానికి తీరని లోపం ఒకటుంది: లోతు. దవడ కొస నుంచి రాడ్ల దాకా నాలుగంగుళాల లోపే. వెడల్పు పలకల అంచుకు చిత్రిక పట్టేవాళ్ళు, మంచం పట్టీలు, గుమ్మం దూలాలు చేసేవాళ్ళు ఇక్కడే విసుగెత్తి లెగ్ వైసు వైపు చూస్తారు. బెంచి ఎడమకాలే దానికి వెనక దవడ. ముందు దవడ 8 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉన్న నిలువు దుంగ, దాదాపు నేల దాకా. మర బెంచి పైనుంచి 230 మి.మీ. కింద ఉంటే, మర మందంలో సగం పోగా అంత లోతూ మీదే. అడుగున దవడకు కూసం వేసి బిగించిన అడ్డపట్టీ కాలిలోని బెజ్జంలో దూరుతుంది. ఆ పట్టీలో రెండు వరసల్లో, ఒకదానికొకటి తప్పించి, అంగుళం దూరంలో రంధ్రాలు. కాలి ముందు ఆ రంధ్రంలో మేకు గుచ్చితే దవడకు కింద ఆనిక దొరుకుతుంది.

బెంచి ఎత్తు 850, మర నేలకు 620, మేకు 100 మి.మీ. ఎత్తున ఉన్నాయనుకోండి. మేకు నుంచి మరకు 520, పైకొసకు 750. అంటే మర పెట్టే బలంలో సుమారు 70 శాతం పైన ముక్కకు అందుతుంది. మరను ఇంకా కిందికి దించితే లోతు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. 200 నుంచి 250 మధ్య ఉంచడం అందుకే.

మర విషయంలో లోభించొద్దు, అలాగని బయటి దేశపు సామాను కోసం ఎదురుచూడనూ వద్దు. లేతు షాపులో 30 మి.మీ. కడ్డీకి 6 మి.మీ. అడుగుతో (పిచ్, అంటే పక్కపక్క పళ్ళ మధ్య దూరం) చదరపు మర తీయించి, గన్‌మెటల్ (ఒక రకం కంచు) నట్టు చేయించండి. రెండు పోగుల మర (పక్కపక్కనే రెండు గాళ్ళు చుట్టుకుంటూ పోయేది) తీయగలిగితే ఒక్క చుట్టుకు 12 మి.మీ. కదులుతుంది, 50 మి.మీ. తెరవడానికి నాలుగు చుట్లు పైన పడతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే 24 మి.మీ. పూర్తి మర కడ్డీ చవకే కానీ దాని అడుగు 3 మి.మీ.; అదే తెరుపుకు పదిహేడు చుట్లు. సెంట్రింగు పనివాళ్ళు వాడే జాకీ మర, దాని నట్టూ కొంచెం మొరటుగా, వదులుగా ఉన్నా లెగ్ వైసుకు బాగానే సరిపోతాయి, ఎందుకంటే దవడను నిలబెట్టేది మర కాదు, కింది పట్టీ.

దీనిలో విసుగు ఆ మేకే. మందం మారిన ప్రతిసారీ వంగి మార్చాలి. నడుంనొప్పి ఉన్నవాళ్ళకు ఇది చిన్న మాట కాదు. అమెరికాలో బెంచ్‌క్రాఫ్టెడ్ వాళ్ళు కత్తెరలా విచ్చుకునే ఇనుప పట్టీలు అమ్ముతారు, అవి వేస్తే మేకు అక్కర్లేదు. అక్కడుండేవాళ్ళు తీసుకోవచ్చు. ఇక్కడ మేకుతో సర్దుకోవడమే మేలు.

ఎవరికేది? పెట్టెలు, సొరుగులు, కుర్చీ భాగాలు, స్కూలు వర్కుషాపు పని అయితే 9 అంగుళాల క్విక్ రిలీజ్, కళ్ళు మూసుకుని తీసుకోండి అననుగానీ, పైన చెప్పినట్టు కళ్ళు తెరిచి చూసి తీసుకోండి. బాల్కనీలో చిన్న బెంచి అయితే 7 అంగుళాలు చాలు. తలుపులు, మంచాలు చేసేవాళ్ళు ఆ డబ్బుతో లెగ్ వైసు కట్టుకోవాలి. బల్ల అంచుకు క్లాంపులా తగిలించే చిన్న వైసులు ఎవరికీ వద్దు.

కోస్తాలో ఉన్నవాళ్ళకు ఒక జాగ్రత్త. లెగ్ వైసు అడ్డపట్టీ చుట్టూ బెజ్జంలో రెండు మిల్లీమీటర్ల సందు వదలండి, లేకపోతే ఆషాఢంలో చెక్క ఉబ్బి ఇరుక్కుంటుంది. తుమ్మలోనూ నల్లమద్దిలోనూ ఉండే వగరు తడి ఇనుముతో కలిస్తే నల్లటి మరక పడుతుంది, అది పనిముక్కకూ అంటుతుంది. అందుకని చెక్క దవడలు ఎక్కించే ముందు ఇనుప ముఖానికి మైనం పట్టించి, స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో వేయండి. పని ముగిశాక దవడలను బిగించి వదిలేయకుండా వేలెడు సందు ఉంచితే గాలి ఆడుతుంది.