నడుం నొప్పికి కైరోప్రాక్టిక్: ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో మనవాళ్లకి నడుం పట్టేస్తే ఎవరో ఒకరు కైరోప్రాక్టర్ (చేతులతో వెన్ను కీళ్లని తోసి సరిచేసే వైద్యుడు) పేరు చెప్తారు. చాలాకాలంగా వాడుతున్నదాన్ని బట్టి ముందే తేల్చి చెప్పేస్తాను. కాలిలోకి పాకని మామూలు నడుం నొప్పికి ఇది పనికొస్తుంది: నొప్పి కాస్త తగ్గుతుంది, వంగి లేవడం తేలికవుతుంది. "జరిగిన పూసని మళ్లీ కూర్చోబెడతాం" అన్న మాటని మాత్రం నమ్మకండి.

పూసలు అలా జారిపోయేవి కావు. పూసల మధ్య ఉండే డిస్కులు, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు వాటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. అడ్జస్ట్‌మెంట్ (కైరోప్రాక్టర్ కీలుని తోయడం) వల్ల ఎముక చోటు మారదు. బిగుసుకున్న కండరం కాసేపు వదులై కీలు కదులుతుంది, అంతే. ఒక కాలు పొట్టిగా ఉందని బల్ల మీద చూపిస్తారే, అది చాలాసార్లు తుంటి కండరాల బిగువే.

పద్ధతి ఇలా ఉంటుంది. పక్కకి తిప్పి పడుకోబెడతారు. కింది కాలు చాపి, పై మోకాలు మడిచి, ఆ పాదాన్ని కింది మోకాలి వెనక ఆనిస్తారు. భుజాన్ని వెనక్కి, తుంటిని ముందుకి తిప్పుతూ కీలు ఇక కదలనంతవరకు తీసుకెళ్లి, ఊపిరి వదిలే చివర్లో చిన్నగా, వేగంగా ఒక్క తోపు తోస్తారు. అప్పుడు మీరు బిగుసుకుంటే దెబ్బ కండరం మీద పడి మర్నాడు నొప్పి ఎక్కువవుతుంది. ఒకటి రెండు రోజుల సలుపు మామూలే. టప్పుమనే శబ్దం కీలు ద్రవంలో ఏర్పడే వాయు బుడగది. అది రాకపోయినా ఫలితం ఉండొచ్చు. తోపు భయమనిపిస్తే డ్రాప్ టేబుల్ (తోసినప్పుడు ఆ భాగం కాస్త కిందికి జారే బల్ల) గానీ, స్ప్రింగ్‌తో తట్టే యాక్టివేటర్ గానీ అడగండి.

వెన్ను సరిచేస్తే ఆస్తమా, బీపీ, థైరాయిడ్, పసిపిల్లల కడుపునొప్పి కూడా తగ్గుతాయని కొన్ని క్లినిక్‌ల గోడల మీద చార్టులుంటాయి. వాటికి నమ్మదగిన ఆధారం లేదు. ఈ ఆలోచన మూలం 1895 నాటిది. అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో కైరోప్రాక్టిక్ మొదలుపెట్టిన డి.డి. పామర్, హార్వీ లిల్లార్డ్ అనే మనిషి వెన్ను సరిచేసి చెవుడు పోగొట్టానన్నాడు. వినికిడి నాడి అసలు వెన్నులోంచి పోదు, పుర్రె లోపలే మెదడుకి చేరుతుంది.

మెడ విషయంలో నేను గట్టిగా ఉంటాను: మెడ తిప్పి విరిచే అడ్జస్ట్‌మెంట్ వద్దని మొదటి రోజే చెప్పేయాలి. మెడ పూసల్లోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగి స్ట్రోక్ రావడం అరుదే, కానీ వస్తే జీవితం తలకిందులవుతుంది. చికిత్స తర్వాత తల తిరగడం, రెండుగా కనపడటం, మాట తడబడటం, మునుపెన్నడూ లేని తలనొప్పి ఉంటే వెంటనే 911. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం లాంటివి ఉంటే కైరోప్రాక్టర్ దగ్గరకి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆర్నెల్లకని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేముందు ఎముకల సాంద్రత కనుక్కోండి. ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) ఉన్నా, రక్తం పల్చబరిచే మందులు వాడుతున్నా, క్యాన్సర్ చరిత్ర ఉన్నా తోపులు వద్దు.

మొదటి విజిట్‌లోనే వెన్ను మొత్తానికి ఎక్స్‌రే తీసి, నెలల ప్యాకేజీకి డబ్బు ముందే కట్టమంటే లేచి వచ్చేయండి. వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు చూడండి. ఆపాటికి తేడా తెలియకపోతే ఇక తెలియదు. తేడా వచ్చినా వ్యాయామం చేయకపోతే నిలవదు. మోకాళ్లు, చేతుల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపి 10 సెకన్లు పట్టి ఉంచడం, పక్కకి పడుకుని మోచేతి మీద నడుం ఎత్తడం రోజూ చేయాలి. ఇవి నేర్పని క్లినిక్‌కి నేను మళ్లీ వెళ్లను.

బిల్లు కూడా చదవండి. అందులో 98940 అన్న కోడ్ అంటే వెన్నులో ఒకటి రెండు భాగాలు చేశారని, 98941 అంటే మూడు నాలుగు. నడుం ఒక్కటే చేసి రెండో కోడ్ వేస్తే అడగండి. పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే బీమా మెడికేర్ పార్ట్ బి అయితే వెన్ను అడ్జస్ట్‌మెంట్‌కే ఇస్తుంది. కైరోప్రాక్టర్ రాసే ఎక్స్‌రే, మసాజ్ ఖర్చు మీదే.