బుటీ డిజైన్లకి ఇంక్‌స్కేప్ సరిపోతుందా?

ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో బట్టల మీద ప్రింట్ డిజైన్లు అవుతాయా అని అడిగేవాళ్ళకి నా జవాబు: అవుతాయి. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ముందుగదిలో కూర్చుని బ్లౌజు బుటీలూ, అంచులూ, పిల్లల గౌన్ల ప్రింట్లూ అన్నీ ఇంక్‌స్కేప్ అనే ఈ ఫ్రీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నాను. చందా కట్టి అడోబీ వాళ్ళ ఇల్లస్ట్రేటర్ కూడా వాడాను. అందులో 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచి, బొమ్మని మళ్ళీమళ్ళీ పరిచే ప్యాటర్న్ మేక్ ఉంది. బ్రిక్ బై కాలమ్ నొక్కితే హాఫ్ డ్రాప్, అంటే ఒక నిలువు వరస విడిచి ఒకటి సగం ఎత్తు కిందికి జరిగే అమరిక, చిటికెలో పడుతుంది. సుఖం అంటే అదే. కానీ ఇంక్‌స్కేప్‌లోని టైల్డ్ క్లోన్స్ (అసలు బొమ్మని మారిస్తే తామూ మారే నకళ్ళని వరసలుగా పరిచేది) చేతికి అలవాటయ్యాక, ఆ సుఖానికి డబ్బు కట్టబుద్ధి కాలేదు.

ఎడిట్ మెనూలో క్లోన్ కింద ఉంటుందది. తెరవగానే అంకెల గళ్ళు చూసి భయపడతారు. నిజానికి ముందు కావాల్సింది షిఫ్ట్ ట్యాబ్ ఒక్కటే.

ఈమధ్య ఒక బొటీక్ వాళ్ళకి వంజరం చేపల ప్రింట్ వేశాను. బట్ట పన్నా 44 అంగుళాలు. అందుకని రిపీట్ (మళ్ళీమళ్ళీ వచ్చే ముక్క) వెడల్పు 5.5 అంగుళాలు పెట్టుకున్నాను, ఎనిమిదిసార్లు లెక్కగా వస్తుంది. హాఫ్ డ్రాప్‌లో ఒక రిపీట్‌కి రెండు నిలువు వరసలు కాబట్టి 2.75 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తుతో గీత లేని ఖాళీ డబ్బా ఒకటి గీసి, గ్రూప్ చేశాను. షిఫ్ట్ వై దగ్గర కాలమ్‌కి 50 శాతం, ఆల్టర్నేట్ టిక్, క్రియేట్. డబ్బాలు పరుచుకున్నాయి. ఇప్పుడు అసలు గ్రూపు మీద డబుల్ క్లిక్ చేసి లోపల చేపని గీస్తుంటే, తెరనిండా చేపలు పుట్టుకొస్తాయి! తోక డబ్బా దాటి పక్క చేప మీదికి వెళ్ళినా ఫరవాలేదు, డబ్బాని ఆనక తీసేస్తాం. బొటీక్ ఆవిడ పక్కనే కూర్చుని "తోక కాస్త పైకి తిప్పండి మేడమ్" అంటే ఒక్క నోడ్ (గీత మీది చుక్క) జరిపాను, అన్ని తోకలూ తిరిగాయి. నేను ఇంక్‌స్కేప్‌ని వదలకపోవడానికి కారణం ఇదే.

ఒక మెలిక ఉంది. మొదటి క్లోన్ సరిగ్గా అసలు బొమ్మ మీదే కూర్చుంటుంది. పారదర్శకంగా ఉండే రంగు వాడితే అక్కడొక్కచోట చిక్కగా కనిపిస్తుంది.

అదే టైల్డ్ క్లోన్స్‌లోని సిమెట్రీ ట్యాబ్ సంగతి వేరు. చదునైన తలం మీద రెండు వైపులా రిపీట్ అవుతూ పరుచుకునే ఏ డిజైనైనా 17 రకాల సిమెట్రీల్లో ఒకదాంట్లో పడాల్సిందేనని 1891లోనే ఫెదరోవ్ అనే రష్యన్ నిరూపించాడు. ఆ పదిహేడూ ఇక్కడ వరసగా ఉన్నాయి. ఏటికొప్పాక బొంగరాన్ని పీ4ఎమ్ అనే రకంలో వేసి చూడండి, సంక్రాంతి ముగ్గులా విచ్చుకుంటుంది.

ఫైల్ ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. 5.5 అంగుళాలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) కచ్చితంగా 1650 పిక్సెళ్ళు. అదే 140 మిల్లీమీటర్లు పెడితే 1653న్నర. అర పిక్సెల్ ఉండదు కదా, అతుకు దగ్గర తేడా కొడుతుంది. నేల రంగుని కూడా టైల్‌లో (రిపీట్ ముక్కలో) కలపకుండా అడుగున ఒకే పెద్ద డబ్బాగా వేసుకోండి, లేకపోతే టైళ్ళ మధ్య వెంట్రుకంత గీతలు కనబడతాయి.

గీసిన బొమ్మని నింపుడు డిజైన్‌గా మార్చే ఆబ్జెక్ట్స్ టు ప్యాటర్న్, 2023లో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.3 వెర్షన్‌లో బాగుపడింది. సైజు, ఎడం, వాలు అన్నీ అక్కడికక్కడే మార్చుకోవచ్చు. సాదా బుటీకి అది చాలు.

రంగుల దగ్గరే నాకు చిరాకు. ఇంక్‌స్కేప్‌లో పని అంతా ఆర్‌జీబీ, అంటే తెర వెలుగు రంగుల లెక్క. తెరమీద మెరిసే నెమలికంఠం బట్ట మీద నీరసంగా దిగుతుంది. డాబాగార్డెన్స్ వైపు నేను ప్రింట్ వేయించే షాపులో ముందు జానెడు ముక్క మీద వేయించి చూసుకున్నాకే బట్ట తాను మొత్తానికి ఒప్పుకుంటాను. బ్లర్ పెట్టిన బొమ్మని వందల క్లోన్లు చేస్తే లాప్‌టాప్ మొరాయిస్తుంది కూడా, కాబట్టి డిజైన్ ఖాయమయ్యేదాకా నాలుగు వరసలు, నాలుగు నిలువులతోనే పని కానివ్వండి.