ఒక్కసారిగా మార్చడమా, విడతలుగా మార్చడమా?

సాఫ్ట్‌వేర్ రూపాన్ని మార్చేటప్పుడు తయారీదారుల ముందు రెండు దారులుంటాయి: పాతదాన్ని తొలగించి ఒక్కసారిగా కొత్తదాన్ని పెట్టడం, లేదా రెండింటినీ కొంతకాలం అందుబాటులో ఉంచి ఎంపికను వాడుకరికే వదలడం.

మొదటి దారికి 2012లో వచ్చిన విండోస్ 8 స్పష్టమైన ఉదాహరణ. ఏళ్ల తరబడి తెర ఎడమ మూలకు వెళ్లడానికి అలవాటుపడిన చేతికి అక్కడ స్టార్ట్ బటన్ దొరక్కపోవడంతో, కంప్యూటర్‌ను ఆపివేయడం వంటి చిన్న పని కూడా చాలామందికి వెతుకులాటగా మారింది. వ్యతిరేకత ఎంత బలంగా వచ్చిందంటే, 2013లో 8.1తో ఆ బటన్, 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ తిరిగి వచ్చాయి. ఇలాంటి సందర్భంలో వాడుకరులను మొండివారని నిందించడం అన్యాయం. వారు కోల్పోయింది ఒక బొమ్మను కాదు, ఆలోచించకుండానే పని చేసుకోగలిగే నేర్పును.

2018లో జీమెయిల్ రెండవ దారిని ఎంచుకుంది. ఇష్టమైనవారు కొత్త రూపాన్ని ముందుగా తీసుకోగలిగారు, నచ్చకపోతే కొంతకాలం పాతదానికి మళ్లగలిగారు. రెండు రూపాలనూ నిర్వహించడం శ్రమతో కూడిన పనే అయినా, వెనక్కి వెళ్లే వీలుందన్న భరోసా ఉన్నప్పుడు మార్పు పైనుంచి రుద్దినట్టు కాక తమ నిర్ణయంలా అనిపిస్తుంది కనుక నేను దీనివైపే మొగ్గుతాను. భద్రతా లోపాన్ని సరిదిద్దే మార్పుకు మాత్రం మొదటి దారే తగినది.