ఉమ్మడి వనరుకు ఏది మేలు: ఊరి కట్టుబాటా, కోటాలా?

చేపలు, నీరు, మేత అందరివీ అయినప్పుడు ఎవరికి వారు దండుకుంటే త్వరలోనే అడుగంటుతాయి. ఆపడానికి రెండు దారులున్నాయి: వాడుకునేవాళ్లే కట్టుబాటు పెట్టుకోవడం, లేదా మొత్తం ఎంత తీసుకోవచ్చో ప్రభుత్వం తేల్చి, దాన్ని కోటాలుగా, అంటే అమ్ముకోదగ్గ వాటాలుగా పంచడం.

ఖర్చు: కట్టుబాటుకు డబ్బు తక్కువ. కోటాకు శాస్త్రవేత్తల అంచనాలు, రేవుల్లో తూకాలు, రికార్డులు కావాలి.

శ్రమ: కోటాలో ఎవరి లెక్క వారు చూసుకుంటే చాలు. కట్టుబాటుకు ఏళ్ల తరబడి కూర్చుని మాట్లాడుకోవాలి. ఫలితం మాత్రం గట్టిది. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్‌ గ్రామంలో 1517 నాటి నియమం ప్రకారం, చలికాలంలో ఎన్ని ఆవులను సాకగలరో అన్నింటినే వేసవిలో ఉమ్మడి కొండ మేతకు తోలాలి. ఎంత తెలివైన నియమమో చూడండి! ఆవులను లెక్కపెట్టడం తేలిక, దాచడం కష్టం. స్పెయిన్‌లోని వాలెన్సియాలో సాగునీటి తగాదాలను రైతులు ఎన్నుకున్న పెద్దలే గురువారాల్లో బహిరంగంగా విచారిస్తారు.

ప్రమాదం: బయటివాళ్లు వచ్చిపడితే కట్టుబాటు తెగిపోతుంది, లోపల బలవంతులదే పైచేయి కావచ్చు. కోటాలేమో కొద్దిమంది చేతుల్లోకి చేరతాయి. ఐస్‌లాండ్‌లో కొన్ని చిన్న రేవు ఊళ్లు అలాగే చేపల హక్కు పోగొట్టుకున్నాయి. చేప మిగిలినా ఊరి బతుకు పోవడం నా దృష్టిలో చిన్న నష్టం కాదు.

హద్దులు తెలిసిన చెరువు, అడవి, కాలువ, ఒకరినొకరు ఎరిగిన మనుషులు ఉంటే కట్టుబాటే మేలు. పెద్ద ఓడలు వేటాడే దూర సముద్రాలకు కోటాలే నయం. అయితే ఒక్కరు ఎంతవరకు కొనవచ్చో మొదట్లోనే రాయించాలి.