ఎర్ర చుక్కను నమ్మితే: ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్‌తో నాలుగేళ్లు

స్పెసిఫికేషన్లన్నీ పెట్టె మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ట్రిగ్గర్ నొక్కితే ఎర్ర లేజర్ చుక్క పడుతుంది, తెర మీద వేడి ఎంతో చెప్పే అంకె వస్తుంది. ఆ చుక్క మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అదెందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నాది పాతికేళ్లు దాటిన పెట్రోల్ కారు. స్కానర్ తగిలిద్దామంటే ఓబీడీ పోర్టు (ఇంజిన్ కంప్యూటర్ చెప్పేది చదవడానికి ఉండే సాకెట్) కూడా లేదు. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు ఎన్నేళ్లుగానో మధ్యగీతకు కాస్త కింద నిలబడేది. ఉన్నట్టుండి పావు దగ్గరే ఆగిపోవడం మొదలైంది. ఇంజిన్ వేడెక్కిపోతే అందరూ కంగారు పడతారు. చల్లగా ఉంటే మాత్రం "మంచిదేగా" అంటారు. మంచిదేం కాదు. సరిగ్గా వేడెక్కని ఇంజిన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కాలకుండా మిగిలింది ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా పేరుకుంటుంది.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం థర్మోస్టాట్ మీదకే పోతుంది. నా బండిలో దాని మీద 82 అని గుద్ది ఉంటుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) 82 డిగ్రీలకు వచ్చేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచడమే దాని పని. అది తెరుచుకుని బిగుసుకుపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్‌కి పోతాయి, ఇంజిన్ ఎంతకీ వేడెక్కదు. సరే, ఊహించడం ఎందుకు, కొలిచి చూద్దామని ఈ గన్ కొన్నా.

మొదటి నెల దీన్ని తెగ పొగిడాను, ఆ మాట దాచను. ఇద్దరు స్నేహితుల చేత కొనిపించాను కూడా. ఇరవై నిమిషాలు బండి నడిపి, బానెట్ ఎత్తి, థర్మోస్టాట్ హౌసింగ్ (అది కూర్చునే అల్యూమినియం గూడు) మీద చుక్క పెట్టి నొక్కాను. 46.3. దశాంశంతో సహా చూపిస్తే ఇంకా అనుమానం ఎవరికొస్తుంది? థర్మోస్టాట్ పోయిందని తేల్చేశాను. ఒక ఆదివారమంతా కూర్చుని కూలెంట్ దింపాను, బోల్టులు విప్పాను, పాత గ్యాస్కెట్ గీకేశాను, కొత్త థర్మోస్టాట్ వేశాను. లీక్ కాకూడదని సీలెంట్ కూడా కాస్త ధారాళంగానే పూశాను. ఈ సీలెంట్ సంగతి గుర్తుపెట్టుకోండి.

మళ్లీ ఇరవై నిమిషాలు తిప్పి కొలిచాను. 47.1.

ఇక ఫ్యాన్ మీద పడ్డాను. ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే రిలే అతుక్కుపోయి ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందేమోనని కనెక్టర్ పీకి నడిపాను. తేడా లేదు. వేసిన థర్మోస్టాట్ కూడా చెడ్డదేనేమో, ఇంకోటి తెద్దామా అనుకుంటుండగా మా బావ వచ్చాడు. నేను గన్ గురించి చెబుతుంటే సగం విని, హౌసింగ్ మీద వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇది నలభై ఏడా బావా? నలభై ఏడైతే కాసేపన్నా పట్టుకోగలగాలి కదా" అన్నాడు. నేనూ పెట్టి చూశాను. అర సెకను కూడా ఆగలేకపోయాను. చేతిలో గన్ మాత్రం 47 అనే చూపిస్తోంది.

ఆ రాత్రి మాన్యువల్ మొదటిసారి పూర్తిగా చదివాను. ఈ గన్ వస్తువు నుంచి వచ్చే పరారుణ కిరణాలను చూసి వేడిని లెక్క కడుతుంది. రబ్బరు, నల్ల పెయింట్ లాంటివి వాటిని బాగా వెదజల్లుతాయి. మెరిసే అల్యూమినియం చాలా తక్కువ వెదజల్లుతుంది, పైగా అద్దంలా చుట్టుపక్కల చల్లదనాన్నే మనకు తిప్పి చూపిస్తుంది. వస్తువు ఎంత బాగా వెదజల్లుతుందో గన్‌కి చెప్పే సెట్టింగ్ (ఎమిసివిటీ) నా గన్‌లో 0.95 దగ్గర బిగించేసి ఉంది, మార్చడానికి వీల్లేదు. అంటే నేను ఇంతసేపూ కొలిచింది అల్యూమినియంలో కనబడే బానెట్ నీడను. హౌసింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించి, అది వేడెక్కేదాకా ఆగి, దగ్గరగా పెట్టి నొక్కాను. 84.6.

ఇంజిన్ అసలు చల్లగా లేనే లేదు. మరి ముల్లు? దాని సెన్సర్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. కనెక్టర్ పీకి చూస్తే పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ చిలుము రెసిస్టెన్స్ కూడా కలిసి, మీటర్‌కి చల్లగా ఉందన్న కబురు వెళ్తోంది. చిన్న ఉప్పుకాగితం ముక్కతో రుద్ది తగిలిస్తే ముల్లు తన పాత చోటికి వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టానన్నమాట. పీకేసిన పాత థర్మోస్టాట్‌ని నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి కాచి చూశాను. 82 దాటగానే బుద్ధిగా తెరుచుకుంది.

ఇక్కడితో ఆగితే ఈ గన్‌ని అటక మీద పడేసేవాణ్ని. ఏడాది తర్వాత ఇంజిన్ నిజంగానే చల్లబడింది. ట్రాఫిక్‌లో ముల్లు మామూలుగానే ఉంటుంది, హైవే ఎక్కగానే పడిపోతుంది. హీటర్ నుంచి గోరువెచ్చటి గాలే. కనెక్టర్ శుభ్రంగానే ఉంది. ఈసారి లోహం వైపు చూడలేదు. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసి, రేడియేటర్‌కి పైభాగంలో తగిలే నల్ల రబ్బరు పైపు మీద, అరచేతి దూరం నుంచి, ఒకే చోట నిమిషానికోసారి కొలిచాను. 29, 33, 38, 44, 49... థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, వాల్వ్ తెరుచుకున్నాక ఒక్కసారిగా వేడెక్కాలి. ఇది మొదటి నిమిషం నుంచే ఇంజిన్‌తో పాటు మెల్లగా ఎక్కుతోంది. వాల్వ్ మూసుకోవడం లేదు.

విప్పి చూస్తే వాల్వ్ అంచుకు, సీటుకు మధ్య గోధుమ గింజంత బూడిదరంగు ముక్క. నేను పూసిన సీలెంటే. లోపలికి ఉబ్బిన అంచు ఊడి వచ్చి ఇరుక్కుంది. గన్ మాట విని చేసిన అనవసరపు రిపేర్ తెచ్చిన రోగాన్ని మళ్లీ ఆ గన్నే పట్టిచ్చింది! మా బావకి ఇది ఇంకా పూర్తిగా చెప్పలేదు.

అప్పటి నుంచి దీన్ని వేడి ఎంతో తేల్చడానికి కాక, తేడా పట్టడానికే వాడుతున్నా. రేడియేటర్‌లో పూడిపోయిన చోటు, నాలుగు చక్రాల్లో బ్రేక్ పట్టేస్తున్న చక్రం వెతకడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది. రబ్బరు పైపు మీద కూడా లోపలి కూలెంట్ కంటే కొన్ని డిగ్రీలు తక్కువే చూపిస్తుంది. లెన్స్ మీద దుమ్ముంటే ఇంకా తక్కువ. పైగా చుక్క పడిన చోటే కొలుస్తుందనుకోవద్దు: దూరం పెరిగేకొద్దీ అది చూసే మేర పెద్దదవుతుంది. బండి నడుస్తుండగా ఏమవుతోందో దీనికి తెలియదు. నాకు హైవే మీద వచ్చిన సమస్యను ఇంటి ముందు నిలబెట్టి పట్టగలగడంలో అదృష్టం కూడా కొంత ఉంది.

మీ బండికి ఓబీడీ పోర్టు ఉంటే ముందు దానికి తగిలించే చిన్న రీడర్, డాంగుల్ అంటారు, ఒకటి తీసుకోండి. నడుపుతూనే ఇంజిన్ సెన్సర్ చెప్పే అంకె చూడొచ్చు. ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్ కనిపిస్తే థర్మోస్టాట్ దాకా వెళ్లొచ్చు. నాలా పోర్టు లేని బండి, ఆదివారాలు ఖాళీ ఉన్నవాళ్లయితే ఈ గన్ కొనమనే అంటా, టేప్ చుట్టతో కలిపి. నేను కొనిపించిన ఇద్దరికీ ఆ టేప్ సంగతి ఆలస్యంగానే చెప్పాను. వాళ్లలో ఒకడు అప్పటికే థర్మోస్టాట్ మార్చేశాడు.

నా హౌసింగ్ మీద ఆ టేప్ ముక్క ఇంకా ఉంది. అంచులు లేస్తున్నాయి. ఈసారి కూలెంట్ మార్చేటప్పుడు అక్కడ వేడికి తట్టుకునే నల్ల మ్యాట్ పెయింట్ వేద్దామనుకుంటున్నా. సీలెంట్ మాత్రం వేయను.