రక్షణ నిశ్చయతకు ఏది ఆధారం: అనుభవమా, ఫలాలా, వాగ్దానమా?

ఉజ్జీవ సభలు ముగిసిన వారం మా యవ్వనస్థుల కూడికలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "అన్నా, నాకు రక్షణ ఉందని ఖాయంగా ఎలా తెలుస్తుంది?" రక్షణ అంటే క్రీస్తు ద్వారా దొరికే పాపక్షమాపణ, నిత్యజీవం. ఒక్కొక్కరికి విడిగా చెబుతూ వస్తున్నది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

రక్షణ పోతుందా పోదా అనే వాదం జోలికి వెళ్ళను. అది 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో ప్రొటెస్టంట్ సంఘాల సభ కూర్చుని తీర్పు చెప్పినా తెగలేదు. ఆ వాదంలో ఎటు నిలబడినా ఈ భయం మాత్రం తప్పదు. పోదని నమ్మినవాడు "అసలు నాకు ఎప్పుడైనా వచ్చిందా?" అని కుములుతాడు. పోతుందని నమ్మినవాడు "ఎప్పుడు పోగొట్టుకున్నానో" అని కుములుతాడు.

మనలో ఎక్కువమంది చూపించేది అనుభవాన్నే. ఫలానా సభలో కన్నీళ్ళు ఆగలేదు, గుండె తేలికైంది. ఆ తారీఖు బైబిలు మొదటి పేజీలో రాసి ఉంటుంది. దీన్ని తక్కువ చేయను. మనం దేవుని పిల్లలమని ఆత్మ తానే సాక్ష్యమిస్తాడని రోమా 8:16లో ఉంది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738 మే 24 సాయంత్రం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో, రోమా పత్రికకు సంఘ సంస్కర్త లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా విన్నాడు. తన గుండె వింతగా వెచ్చబడిందనీ, క్రీస్తు తన పాపాలు తీసివేశాడన్న నిశ్చయం కలిగిందనీ రాసుకున్నాడు. ఎనిమిది నెలలు తిరక్కముందే, 1739 జనవరిలో, తాను ఇప్పుడు క్రైస్తవుణ్ణి కానని రాసుకున్నదీ ఆయనే. దేవుని ప్రేమ, సంతోషం, సమాధానం తనలో వెతుక్కుంటే ఆయనకు కనబడలేదు. వెచ్చబడడం ఎంత నిజమో చల్లారడమూ అంతే నిజం. ఇక క్రైస్తవ ఇంట్లో పుట్టి, సండేస్కూల్లో పెరిగి, ఏ తారీఖూ చెప్పలేని పిల్లలకు ఈ కొలత అన్యాయమే. సాక్ష్యాలు చెప్పే వేళ వాళ్ళు తలవంచుకుని కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రెండోది ఫలాలు, అంటే మారిన బతుకులో కనబడే గుర్తులు. యోహాను మొదటి పత్రిక ఈ విషయంలో మొహమాటపడదు: సహోదరుని ప్రేమిస్తున్నావా, ఆజ్ఞలు గైకొంటున్నావా? సభలో ఏడ్చి, ఇంటికెళ్ళి భార్యమీద చెయ్యి చేసుకునేవాడికి ధైర్యం చెప్పడానికి నాకు హక్కు లేదు. అయితే ఈ పరీక్ష బాధపెట్టేది ఎప్పుడూ పెట్టకూడనివాళ్ళనే. మనస్సాక్షి మొద్దుబారినవాడికి తన ఫలాలు గంపెడు కనబడతాయి, మెత్తటివాడికి ఒక్క పిందె కూడా కనబడదు. లూకా 18లో ఫలాల జాబితా చదివింది పరిసయ్యుడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది రొమ్ము కొట్టుకున్న సుంకరి.

ఆత్మవశంలో తెలియని భాషలు మాట్లాడితేనే రక్షణకు గుర్తు అనేవారున్నారు. ఆ వరం అందరికీ ఉండదని 1 కొరింథీ 12 చివర్లో పౌలే ప్రశ్నల రూపంలో తేల్చాడు. ప్రత్యేక దైవప్రత్యక్షత ఉంటే తప్ప అంతం వరకు నిలుస్తానని ఎవరూ సంపూర్ణ నిశ్చయంతో అనరాదని 1547లో ట్రెంట్ సభ (కతోలిక బిషప్పుల మహాసభ) కతోలికులకు చెప్పింది. వాళ్ళు నిశ్చయత దాకా వెళ్ళక నిరీక్షణ (ఆశ) దగ్గర ఆగుతారు.

నేను నిలబడేది దేవుడు వాక్యంలో ఇచ్చిన వాగ్దానం మీద. ఎందుకో మా అమ్మ మంచం పక్కన తెలిసింది. అమ్మ ఏళ్ళ తరబడి సండేస్కూలు చెప్పిన మనిషి. చివరి రెండేళ్ళు మతిమరుపు జబ్బు. తన బాప్తిస్మం ఏ చెరువులో జరిగిందో మరిచిపోయింది. నన్నే ఎవరని అడిగేది. జన్మలో ఎవరినీ పల్లెత్తు మాట అననిది, అన్నం తినిపించే మనిషిని తిట్టేది. అనుభవం జ్ఞాపకం లేదు, ఫలాలు కనబడవు. చివరికి నోటికొచ్చిన వాక్యాలూ పోయాయి. ఒక రాత్రి యోహాను 10:28 ఆమెకు చదువుతూ నేనే ఆగిపోయాను. గొర్రె కాపరి చేతిని గట్టిగా పట్టుకుంటుందని అక్కడ లేదు. తన చేతిలోనుండి ఎవడూ వాటిని అపహరింపడని ఉంది. పట్టు ఆయనది. అమ్మకు ఆ మాట గుర్తుందా లేదా అన్నదానితో ఆ పట్టుకు పని లేదు.

ఇది విచ్చలవిడితనానికి దారి తీయదా అని అడుగుతారు. "ఆ రోజు సభలో క్రీస్తును అంగీకరిస్తున్నానని చెయ్యి ఎత్తాను, అది చాలు" అనుకునేవాడు నమ్ముకున్నది వాగ్దానాన్ని కాదు, ఎత్తిన తన చేతిని. ఇంగ్లండులో ప్రొటెస్టంట్లు రాసుకున్న 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 18వ అధ్యాయం ఈ మూడింటినీ కలిపే చెబుతుంది. కానీ వరస చూడండి: ముందు వాగ్దానాలు, ఆ తర్వాత లోపల కనబడే కృపల గుర్తులు, ఆపైన ఆత్మ సాక్ష్యం. నిజమైన విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడవలసి రావచ్చని అక్కడే ఉంది.

ఒక తమ్ముడు రాత్రి పడుకునేముందు రక్షణ ప్రార్థన ఇరవైసార్లు చేస్తానన్నాడు, ఒక్కసారైనా సరిగ్గా చేసి ఉండకపోతానా అని. అతనితో రెండు పనులు చేయించాను. మొదటిది, ఆ ప్రార్థన మానేసి యోహాను 6:37 ఒక్కసారి పైకి చదవడం: "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను." రెండోది, నిద్ర పట్టనివ్వని ఆ భయం గురించి డాక్టరుకు చెప్పడం. ఆసుపత్రికి నేనూ వెంట వెళ్ళాను.