అమృతం మళ్లీ చూశా, ఇప్పుడు కూడా నవ్వొస్తాదా?

వస్తాది. కాకపోతే చిన్నప్పుడు నవ్విన చోట కాదు.

తెలీనోళ్ల కోసం చెప్తున్నా, 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా జెమినీలో ఆదివారం రాత్రి వచ్చిన సీరియల్ ఇది, గుణ్ణం గంగరాజు గారిది, మొత్తం 313 ఎపిసోడ్లు, ఇప్పుడు యూట్యూబ్‌లో ఫ్రీ. మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, తెలుగు జోకంటూ రావాలంటే కేబుల్ వైర్లోంచే రావాలి, అందుకే ఆదివారం రాత్రి కరెంటు పోయిందంటే వీధంతా తిట్లే.

అప్పుడు అమృతరావు ఏదో పెద్ద ప్లానేసి ఆంజనేయుల్ని ఇరికించి చివరికి ఇద్దరూ చీవాట్లు తింటే పడీపడీ నవ్వేవాళ్లం. ఇప్పుడా చీవాట్ల దగ్గర పెద్దగా ఏం అనిపించట్లేదు గానీ, ప్లాను విని "సరే" అనే ముందు ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావు గారి మొహం ఉంటాది చూడండి, ఇది మునిగిపోద్దని తెలుసు, అయినా ఒప్పుకోక తప్పదనీ తెలుసు, అరక్షణంలో రెండూ కనపడతాయి. అది చిన్నప్పుడు ఎలా మిస్సయ్యామో మరి. అప్పాజీ కూడా అంతే. అప్పుడు ఉత్త పిసినారి ఓనరు, ఇప్పుడు నేనూ అద్దింట్లోనే ఉంటున్నా కదా, ఆయన గుమ్మంలో కనిపిస్తే అమృతం కంటే ముందు నాకే గుండె జారతాది.

మా గుంటకి తెలుగు చదవడం రాదు, వింటాది అంతే. అమృతం వాళ్ల హోటల్లో పనిచేసే సర్వం నోరు తెరిస్తే చాలు నవ్వుతాది, నేనేం విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. నాకైతే ఇదే అసలు పరీక్ష, దానికి జ్ఞాపకాలేం లేవు కదా.

ఇంక బాగోనివి. పెళ్లాల మీద జోకులు కొన్ని ఇప్పుడు పక్కన మా ఆవిడ ఉంటే రిమోట్ ఎక్కడుందా అని వెతుక్కునేలా ఉన్నాయి. కొన్ని ఎపిసోడ్లలో ఐదు నిమిషాల సరుకుని ఆఖరిదాకా సాగదీశారు. శివాజీ రాజా, తర్వాత నరేష్, తర్వాత హర్షవర్ధన్, ఇలా అమృతంగా వేసేవాళ్లు మారిపోతుంటే వారానికోసారి చూసినప్పుడు మెల్లిగా అలవాటైపోయింది గానీ, ఇప్పుడు వరసపెట్టి చూస్తే "నాన్నా ఈయనెవరు" అని గుంట అడుగుతాది, ఏటి చెప్తాం. టైటిల్ సాంగ్ మాత్రం స్కిప్ కొట్టనివ్వదు, సిరివెన్నెల గారి మాటలు, కల్యాణి మాలిక్ ట్యూను.

శివాజీ రాజా ఉన్నవాటితో మొదలెట్టండి, రాత్రికి ఒకటే, నాలుగైదు వరసగా పెడితే అన్ని ప్లాన్లూ ఒకేలా కనిపిస్తాయి. 2020లో జీ5లో వచ్చిన అమృతం ద్వితీయం సంగతంటారా, హనుమంతరావు గారు 2018లోనే పోయారు, ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు వేశారు, ఆయన తక్కువోడేం కాదు గానీ మా ఇంట్లో కుదర్లేదు. దానికోసమని సబ్‌స్క్రిప్షన్ కట్టక్కర్లేదు.